రెండో జన్మ ఎత్తిన కారు

ప్రమాదంలో నుజ్జయిన కార్లూ, వరదలో మునిగిన కార్లూ మెరుగులు దిద్దుకొని తిరిగి బజారుకు వస్తున్నాయి. వాటి పూర్వ చరిత్రను చదవడం తెలిసినవారే ధనాన్నీ, ప్రాణాన్నీ కాపాడుకోగలరు.

కృష్ణా తీరంలోని ఒక పట్టణం. ఆదివారం ఉదయం. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఒక మాస్టారు, భార్యనూ, ఇంజనీరింగు చదువుతున్న కుమార్తెనూ వెంటబెట్టుకొని కారు కొనడానికి వచ్చారు. చెట్టు నీడన తెల్లని కారు తళతళ మెరుస్తున్నది. వయసు నాలుగేళ్ళు. అటువంటి కారు బజారులో 5 లక్షలకు తక్కువ దొరకడం లేదు. బ్రోకరు మాత్రం 3,60,000కే ఇప్పిస్తానంటున్నాడు.

"డాక్టరుగారి బండి మాస్టారూ! ఆసుపత్రికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ తిరగలేదు. ఈ ధరకు ఇటువంటి బండి మళ్ళీ దొరకదు. సాయంత్రం ఇంకొకరు చూడడానికి వస్తామన్నారు."

మాస్టారి జేబులో బయానా డబ్బు సిద్ధంగా ఉంది. అయితే ఆయన తన స్కూటరును ఇరవై ఏళ్ళుగా బాగుచేస్తున్న ముసలి మెకానిక్‌ను కూడ తోడు తెచ్చుకున్నారు. ఆ ముసలాయన బానెట్ ఎత్తలేదు. ఇంజను వినలేదు. తిన్నగా వెనుక సీటులో కూర్చొని, సీటు బెల్టును పట్టుకొని చివరిదాకా లాగాడు. మొదటి మూరెడు బెల్టు నల్లగా, శుభ్రంగా ఉంది. చుట్టలోంచి బయటికి వచ్చిన చివరి జానెడు మీద మట్టిరంగు చార ఒకటి అడ్డంగా కనిపించింది. గోటితో గీరితే పొడి రాలింది.

"మాస్టారూ, ఈ బండి మునిగింది" అన్నాడాయన.

"అద్దం దించి ఉంచితే వాన పడి ఉంటుంది లెండి" అన్నాడు బ్రోకరు.

"అద్దం దించితే సీటు తడుస్తుంది నాయనా! లోపల చుట్టుకొని ఉన్న బెల్టుకు బురద ఎలా అంటుతుంది?"

ఆ ప్రశ్నకు బ్రోకరు వద్ద సమాధానం లేకపోయింది.

ఇటువంటి దృశ్యం నేడు దేశంలో ఏ పట్టణంలోనైనా కనిపించవచ్చు. ముసలి మెకానిక్ తోడు లేని కుటుంబాలు మాత్రం బయానా ఇచ్చి, తాళాలు పుచ్చుకొని, కొబ్బరికాయ కొట్టి ఇంటికి వెళ్ళిపోతాయి.

కారుకు మరణ నిర్ణయం

కారు 'చనిపోయింది' అని తేల్చేది మెకానిక్ కాదు, లెక్క. మన దేశంలో బీమా చేసిన ప్రతి వాహనానికీ పాలసీలో ఒక విలువ రాసి ఉంటుంది. దానినే ఐ.డి.వి. అంటారు. కొత్త కారు అమ్మకపు ధర నుంచి వయసును బట్టి తరుగుదల తీసివేసి ఈ విలువను నిర్ణయిస్తారు. ఆరు నెలలు దాటి ఏడాది లోపు వాహనానికి 15 శాతం, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, అయిదో ఏట 50 శాతం తరుగుదల. బాగుచేయడానికి అయ్యే ఖర్చు ఈ విలువలో 75 శాతం మించితే, ఆ కారును బాగుచేయించడం దండుగ అని బీమా సంస్థ భావిస్తుంది. దానినే 'టోటల్ లాస్' అంటారు. యజమానికి ఐ.డి.వి. మేరకు సొమ్ము చెల్లిస్తారు. మిగిలిన శిథిలాన్ని వేలంలో 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్మివేస్తారు.

ఇక్కడి వరకు అంతా న్యాయమే. అసలు కథ వేలంపాట ముగిసిన తర్వాత మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక కారు ఐ.డి.వి. 4 లక్షల రూపాయలనుకుందాం. కంపెనీ వర్క్‌షాపు వేసిన మరమ్మతు అంచనా 3,20,000. ఇది 75 శాతం హద్దు అయిన 3 లక్షలను దాటింది గనుక కారు టోటల్ లాస్ అయింది. వేలంలో ఒక వ్యాపారి దానిని 1,20,000కు పాడుకుంటాడు. కంపెనీ కొత్త సామాను వేయవలసిన చోట అతడు పాత ఇనుము బజారు నుంచి తెచ్చిన సామాను బిగిస్తాడు. విరిగిన చోట వెల్డింగు, వంగిన చోట సుత్తి, గుంట పడిన చోట పుట్టీ. 90,000తో పని ముగుస్తుంది. మొత్తం పెట్టుబడి 2,10,000. 3,20,000కు అమ్మినా చేతికి లక్షా పదివేలు మిగులుతాయి. కొన్నవాడేమో బజారు ధర కంటె చవకగా దొరికిందని సంతోషిస్తాడు.

ఇందులో నేరం ఉండి తీరాలని లేదు. బంపరు, తలుపులు, దీపాలు, గాజులు ఖరీదైనవి గనుకనే కొన్ని కార్లు ఈ లెక్కలో హద్దు దాటుతాయి. వాటి అస్థిపంజరం చెక్కుచెదరదు. నేర్పు గలవాడు నిజాయితీగా బాగుచేస్తే అవి మరి పదేళ్ళు తిరుగుతాయి. దోషం బాగుచేయడంలో లేదు, చరిత్రను దాచడంలో ఉంది.

అమెరికా నేర్చుకున్న పాఠం

ఈ చరిత్రను దాచడం ఎంత సులభమో అమెరికా దేశం చాలాకాలం క్రితమే గ్రహించింది. అక్కడ ప్రతి కారుకూ 'టైటిల్' అనే యాజమాన్య పత్రం ఉంటుంది. టోటల్ లాస్ అయిన కారు టైటిల్ మీద 'సాల్వేజ్' అనే ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉన్నంతకాలం కారు రోడ్డెక్కరాదు. బాగుచేసి, రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించిన తనిఖీలో నెగ్గితే ముద్ర 'రీబిల్ట్' అని మారుతుంది. అంటే పునర్నిర్మితమైనదని అర్థం. ఆ మచ్చ కారు ఉన్నంతకాలం పోదు, పోకూడదు.

కాని ఎవరి చట్టం వారిదైన యాభై రాష్ట్రాలలో మచ్చను కడుక్కునే దారి దొరకకపోదు. ఏ కారును సాల్వేజ్‌గా లెక్కించాలో ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క హద్దు పెట్టుకున్నది. ఫ్లారిడాలో మరమ్మతు ఖర్చు కారు విలువలో 80 శాతం, టెక్సస్‌లో నూరు శాతం. ఒకచోట మచ్చపడిన కారును చట్టం సడలిన మరొక చోటికి తరలించి, అక్కడ కొత్త టైటిల్ పుచ్చుకుంటే మచ్చ మాయమయ్యేది. ఈ మోసానికి అక్కడివారు 'టైటిల్ కడగడం' అని పేరు పెట్టారు. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచినప్పుడు లక్షలాది కార్లు నీట మునిగాయి. వాటిలో కొన్ని ఎండబెట్టుకొని దూర రాష్ట్రాల బజారులకు చేరాయి.

దీనికి విరుగుడుగా 1992 నాటి ఒక చట్టం కింద దేశమంతటికీ ఒకే వాహన సమాచార వ్యవస్థను ఏర్పరిచారు. బీమా సంస్థలు, పాత ఇనుము యార్డులు తమ వద్దకు వచ్చిన ప్రతి శిథిల వాహనం వివరాన్నీ దానికి తెలపాలి. 2009 నుంచి సామాన్య కొనుగోలుదారులకు కూడ ఆ తలుపు తెరిచారు. ఆ దేశానికి చదువుకోవడానికి వెళ్ళిన తెలుగు విద్యార్థులు తొలి కారుగా చవకైన పాత కారునే వెదుక్కుంటారు. 'రీబిల్ట్' అన్న ఆ ఒక్క మాటకు అర్థం వారూ, ఇక్కడ ఉన్న వారి తల్లిదండ్రులూ తెలుసుకోవడం మంచిది.

మన దేశంలో అటువంటి ముద్ర లేదు. మన ఆర్.సి. మీద యజమాని పేరు, ఇంజను సంఖ్య, చాసిస్ సంఖ్య, రంగు, ఇంధనం అన్నీ ఉంటాయి. 'ఈ కారు ఒకసారి టోటల్ లాస్ అయింది' అని చెప్పే గడి మాత్రం లేదు. వాహనం నాశనమైనా, మరి నడవడానికి పనికిరాకుండా పోయినా యజమాని 14 రోజులలో రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి.ని అప్పగించాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతున్నది. బాగుచేయడానికి వీలున్న శిథిలం ఈ నిబంధన కిందికి రాదని వాదించి, అమ్మేవారు ఆర్.సి.తో సహా అమ్ముతారు. వేలంలో ఆర్.సి. ఉన్న శిథిలానికి ఒక ధర, లేని శిథిలానికి ఒక ధర పలకడానికి కారణం ఇదే. ఇంతకంటె ఘోరమైనది మరొకటి ఉన్నది. కొందరు శిథిలాన్ని కొనేది ఇనుము కోసం కాదు, కాగితాల కోసం. అదే రకం, అదే రంగు కారును మరెక్కడో దొంగిలించి, దానికి శిథిలం తాలూకు చాసిస్ సంఖ్యను అతికిస్తారు. దొంగ అమ్మిన వస్తువు మీద కొన్నవానికి హక్కు సంక్రమించదు. పోలీసులు ఆ కారును పట్టుకుపోయిన నాడు డబ్బూ పోతుంది, కారూ పోతుంది, పైగా ఠాణా చుట్టూ తిరగడం మిగులుతుంది.

కాగితాల సాక్ష్యం

ముద్ర లేనంత మాత్రాన చరిత్ర లేదనుకోరాదు. అది ఒక్కచోట కాక నాలుగు చోట్ల చెదిరి ఉంటుంది. దానిని ఏరి కూర్చుకోవడమే కొనేవాని పని.

మొదటిది ఆర్.సి. నకలు కాదు, అసలు చూడండి. అందులోని సంఖ్యను కేంద్ర ప్రభుత్వ 'వాహన్' వ్యవస్థలోనో, 'ఎం పరివాహన్' యాప్‌లోనో సరిచూడండి. రిజిస్ట్రేషను తేదీ, ఇంధనం, బీమా గడువు, అప్పు ఉన్నదీ లేనిదీ అక్కడ కనిపిస్తాయి. అమ్మేవాడు 'ఒక్క చేతి బండి' అంటున్నా ఆర్.సి.లో యజమాని వరుస 3 అని ఉంటే, తక్కిన మాటలను కూడ అదే తూకంతో తూచవలసి ఉంటుంది.

రెండవది చాసిస్ సంఖ్య. ఇది 17 అక్షరాలూ అంకెలూ గల గుర్తు. భారతదేశంలో తయారైన కార్లకు సాధారణంగా 'ఎం' అక్షరంతో మొదలవుతుంది. కారు లోహం మీద చెక్కి ఉన్న చోటు చూపించమనండి. యాజమాన్యం మారే సమయంలో ఆ సంఖ్య మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడం మన కార్యాలయాలలో పాత అలవాటు. ఆ పనిని కొనక ముందే మీరు చేయండి. అంకెలు ఒకే లోతున, ఒకే వరుసన ఉండాలి. చుట్టూ వెల్డింగు గీత గాని, గీరిన జాడ గాని, ఆ ఒక్క చోటనే కొత్త రంగు గాని కనిపిస్తే, బేరం అక్కడితో ఆపివేయడమే క్షేమం.

మూడవది బీమా పాలసీ. చాలామంది దీని గడువు తేదీ చూసి మడిచి ఇచ్చివేస్తారు. నిజానికి కారు చరిత్రలో సగం ఇక్కడే ఉంటుంది. క్లెయిము చేయని యజమానికి ఏటేటా రాయితీ పెరుగుతుంది. మొదట 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరకు 50. నాలుగేళ్ళు ఒకే యజమాని వద్ద ఉన్న కారు పాలసీలో రాయితీ సున్నా అని ఉంటే, మధ్యలో ఏదో క్లెయిము జరిగి ఉండవచ్చు. అది చిన్న గీతా, పెద్ద ప్రమాదమా అన్నది అడిగి తెలుసుకోవాలి. అంతకంటె బలమైన గుర్తు మధ్యలో తెగిపోయిన పాలసీ. టోటల్ లాస్ కింద సొమ్ము చెల్లించిన తర్వాత ఆ పాలసీ రద్దవుతుంది. కొన్ని నెలల ఖాళీ, ఆ తర్వాత వేరొక సంస్థ వద్ద కేవలం మూడో వ్యక్తి బీమా మాత్రమే కనబడితే, ఆ ఖాళీ నెలల్లో కారు ఎక్కడ ఉన్నదని ప్రశ్నించండి. గడచిన మూడు పాలసీలనూ చూపమని అడగడం అమర్యాద కాదు. క్లెయిముల వివరం కోరుతూ యజమానే తన బీమా సంస్థకు ఉత్తరం రాయవచ్చు. నిజాయితీపరుడు అందుకు వెనుకాడడు.

నాలుగవది సర్వీసు చరిత్ర. కంపెనీ వర్క్‌షాపులు ప్రతి కారు రాకనూ, అది తిరిగిన కిలోమీటర్లనూ నమోదు చేస్తాయి. యజమానిని వెంటబెట్టుకొని వెళితే ఆ జాబితా తీసి ఇస్తారు. ఆరు నెలలకొకసారి క్రమం తప్పక వచ్చిన కారు ఒక తేదీ తర్వాత అసలు రాకపోవడం, లేదా మీటరులో కిలోమీటర్లు వెనుకకు నడవడం, ఈ రెండూ కథలోని తప్పిపోయిన పేజీలను చూపిస్తాయి.

ఆ తప్పిపోయిన పేజీ తేదీని పంచాంగంతో కాదు, వరదల తేదీలతో పోల్చి చూడండి. 2005 జూలైలో ముంబయి, 2015 డిసెంబరులో చెన్నై, 2018 ఆగస్టులో కేరళ, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2023 డిసెంబరులో మళ్ళీ చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ ఊళ్ళలో రిజిస్టరై, వరద వచ్చిన కొద్ది నెలలకే వేరే రాష్ట్రానికి నిరభ్యంతర పత్రం పుచ్చుకొని వలస వచ్చిన కారు దోషి అని కాదు. అయితే దానిని రెండుసార్లు పరీక్షించడం న్యాయం.

ఇనుము సాక్ష్యం

కాగితాలు మారుతాయి. ఇనుము అంత తేలికగా అబద్ధమాడదు.

నేటి కార్లలో చాలావాటికి విడిగా చట్రం ఉండదు. నేల, పైకప్పు, స్తంభాలు అన్నీ ఒకే పెట్టెగా అతికి ఉంటాయి. ఢీకొన్నప్పుడు ముందుభాగం ముడతలు పడి ఆ దెబ్బను తాను మింగి, మనుషులు కూర్చున్న భాగాన్ని కాపాడేటట్లు రూపొందిస్తారు. ఒకసారి ముడతపడిన ఇనుమును సుత్తితో సరిచేస్తే ఆకారం వస్తుంది గాని బలం తిరిగి రాదు. రెండోసారి దెబ్బ తగిలినప్పుడు అది ఎక్కడ వంగుతుందో ఎవరూ చెప్పలేరు. కొందరు ముందు సగం ఒక కారుదీ, వెనుక సగం మరొక కారుదీ తెచ్చి నడుమ అతుకుతారు. అటువంటి కారు పార్కింగులో అందంగానే ఉంటుంది.

అందుచేత కారును పగటి వెలుతురులో, పొడిగా ఉన్నప్పుడే చూడాలి. తలుపు అంచుల మీద బిగించిన రబ్బరు పట్టీని కొద్దిగా పక్కకు తొలగించండి. ఫ్యాక్టరీలో వేసిన వెల్డింగు సమాన దూరాలలో గుండ్రని చిన్న గుంటలుగా కనిపిస్తుంది. షెడ్డులో వేసినది గరుకుగా, గీతలా, వంకరగా ఉంటుంది. బానెట్, తలుపులు, డిక్కీల బోల్టుల తలల మీద రంగు చెదిరి ఉంటే వాటిని ఎవరో విప్పారన్నమాట. డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని కింది నేలను చూడండి. వెనుకనుంచి తగిలిన దెబ్బ ముడతల రూపంలో అక్కడ దాక్కుంటుంది.

పుట్టీని కనిపెట్టడానికి మెత్తని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఇనుప రేకుమీద అది అతుక్కుంటుంది, మందమైన పుట్టీమీద జారిపోతుంది. బంపరు వంటి ప్లాస్టిక్ భాగాలకు మాత్రం ఈ పరీక్ష వర్తించదు. రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరాలు కూడ ఉన్నాయి. ఫ్యాక్టరీ రంగు మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మేరకు ఉంటుంది. ఒకే తలుపు మీద అది అనేక రెట్లు పెరిగితే లోపల పుట్టీ ఉన్నదని అర్థం. గాజుల మూలల్లో తయారైన కాలాన్ని సూచించే గుర్తులుంటాయి. అన్ని గాజులూ ఒక ఏటివై, ఒక్కటి మాత్రం వేరైతే ఆ వైపు ఏమి జరిగిందో అడగండి.

చివరకు కారును లిఫ్టు మీదికి ఎత్తించి అడుగునుంచి చూపించాలి. చక్రాల వరుసను కొలిపించాలి. వీటికి అయ్యే ఒకటి రెండు వేల రూపాయలను ఖర్చుగా కాక బీమాగా భావించవచ్చు.

నీటి సాక్ష్యం

దెబ్బ తిన్న కారు కంటె మునిగిన కారు ప్రమాదకరమైనది. దెబ్బ కంటికి కనిపిస్తుంది. నీరు ఎండిపోతుంది. నీటితో వచ్చిన ఒండ్రు మాత్రం తీగల గుత్తులలో, కంప్యూటరు పెట్టెలలో నిలిచిపోయి నెలల తరబడి నెమ్మదిగా తుప్పు పట్టిస్తుంది. కొన్ననాడు చక్కగా నడిచిన కారు ఆరో నెలలో వర్షపు రాత్రి హఠాత్తుగా దీపాలార్పి నిలిచిపోతుంది.

దీనిని పట్టుకునే మార్గాలు సులభం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. సీటు జరిపే పట్టాలమీద, డ్యాష్‌బోర్డు కింది మరలమీద తుప్పు ఉన్నదేమో చూడాలి. నేలమీది కార్పెట్ ఒక మూల ఎత్తి చేత్తో తడమాలి. దీపాల గాజు లోపల మసక, ఫ్యూజుల పెట్టెలో సన్నని మట్టిపొర, తీగలు కలిసే చోట ఆకుపచ్చని చిలుము, ఇవన్నీ నీటి సంతకాలే. కారులో అగరువత్తులో, అత్తరో ఘాటుగా గుబాళిస్తుంటే, కిటికీలన్నీ మూసి ఎండలో పది నిమిషాలు ఉంచి తిరిగి తలుపు తీయండి. అత్తరు కింద దాగిన ముక్కవాసన మీ ముక్కుకు తప్పక తెలుస్తుంది.

ప్రాణం ఆధారపడిన పెట్టె

పైన చెప్పినవన్నీ డబ్బుకు సంబంధించిన నష్టాలు. ఒక్కటి మాత్రం ప్రాణానికి సంబంధించినది.

మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. 2021 ఏప్రిల్ నుంచి కొత్త నమూనాలలో ముందు సీటు ప్రయాణికునికి కూడ తప్పనిసరి చేశారు. ప్రమాదం జరిగినప్పుడు ఈ సంచి రెప్పపాటు కంటె తక్కువ కాలంలో ఉబ్బి మనిషి తలను కాపాడుతుంది. ఒకసారి ఉబ్బిన సంచి మళ్ళీ పనికిరాదు. దానితోపాటు బెల్టును బిగించే యంత్రాన్నీ, చాలాసార్లు ఆజ్ఞ ఇచ్చే కంప్యూటరు పెట్టెనూ కూడ మార్చవలసి వస్తుంది. ఈ ఖర్చే ఎన్నో కార్లను టోటల్ లాస్ హద్దు దాటిస్తుంది. బాగుచేసేవాడు మొదట తగ్గించుకునే ఖర్చు కూడ ఇదే. సంచి స్థానంలో ఏమీ పెట్టక పైమూత మాత్రం అతికించవచ్చు. హెచ్చరిక దీపం వెలగకుండా తీగ మార్చవచ్చు. నాసిరకం సంచి బిగించవచ్చు.

ఇది ఊహ కాదు. 2024 జూలైలో అమెరికా రహదారి భద్రతా సంస్థ పాత కార్ల యజమానులకు ఒక హెచ్చరిక జారీ చేసింది. పూర్వం ప్రమాదానికి గురై, నాసిరకం విడిభాగాలతో ఎయిర్‌బ్యాగులు మార్చిన కార్లలో, అంతకుముందు తొమ్మిది నెలల కాలంలో ముగ్గురు మరణించారనీ, మరి ఇద్దరు దారుణంగా గాయపడ్డారనీ ఆ సంస్థ వెల్లడించింది. కాపాడవలసిన పరికరమే లోహపు ముక్కలను మనిషి మీదికి విసిరింది. ఆ కార్లను నడిపినవారికి తమ కారు పూర్వ చరిత్ర తెలిసి ఉంటే?

పరీక్ష చిన్నదే. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు గల దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో దానిని కావాలని ఆర్పివేశారని అనుమానించాలి. మునిగిన కార్లలో మరొక చిక్కు. ఈ పెట్టెను అనేక కార్లలో ముందు సీట్ల నడుమ నేలకు దగ్గరగా అమరుస్తారు. మోకాలి లోతు నీరు వచ్చినా మొదట తడిసేది అదే. అందువల్ల కంపెనీ వర్క్‌షాపులో స్కానరు పెట్టించి, ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ తప్పులేమైనా చూపుతున్నదేమో రాతమూలకంగా తీసుకోవడం అవసరం.

కొనవచ్చునా?

చరిత్ర తెలిసి, ధర తగ్గి, అస్థిపంజరం దృఢంగా ఉంటే పునర్నిర్మితమైన కారును కొనడం తప్పు కాదు. ఏ ఏ భాగాలు దెబ్బతిన్నాయో ఫోటోలతో, ఏ ఏ సామాను మార్చారో రసీదులతో చూపగల అమ్మకందారు ఆ కారును గర్వంగానే అమ్ముతాడు. అటువంటి కారుకు బజారు ధర కంటె బాగా తక్కువ ఇవ్వాలి. రేపు మీరు అమ్మబోయినప్పుడు కూడ అదే నిజం చెప్పవలసి ఉంటుంది గనుక ఆ తగ్గింపు న్యాయమైనదే. వరదలో డ్యాష్‌బోర్డు దాకా మునిగిన కారు, నడుమ అతికిన కారు, చాసిస్ సంఖ్య అనుమానాస్పదమైన కారు, ఈ మూడింటిని మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోరాదు.

బేరం కుదిరిన తర్వాత మాటలను కాగితం మీదికి తేవాలి. 'ఈ వాహనం టోటల్ లాస్ కాలేదు, వరదలో మునగలేదు' అని అమ్మకపు పత్రంలో రాసి సంతకం చేయమనండి. మంచి చెడ్డలు చూసుకునే భారాన్ని 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం చాలావరకు కొనేవాని మీదనే ఉంచింది. రాతపూర్వకమైన హామీ ఉంటే ఆ భారం కొంత అమ్మేవాని వైపు మొగ్గుతుంది. సంతకానికి తటపటాయించడం కూడ ఒక సమాధానమే.

ఫారం 29, ఫారం 30 పూర్తిచేసి యాజమాన్యం వెంటనే మార్పించాలి. అప్పు ఉన్న వాహనమైతే అది తీరినట్టు ఫారం 35 కావాలి. వేరే రాష్ట్రపు కారైతే ఫారం 28 కింద నిరభ్యంతర పత్రం ఉండాలి. రిజిస్ట్రేషనులో ఎవరి పేరు ఉంటే నష్టపరిహారానికి బాధ్యుడు అతడేనని సుప్రీం కోర్టు 2018లో స్పష్టం చేసింది. కాబట్టి అమ్మేవానికి కూడ ఈ తొందర ఉండాలి. సొంత కారుకు జరిగే నష్టం తాలూకు బీమా దానంతటదే కొత్త యజమానికి మారదన్న సంగతి మరువరాదు. పాత కార్ల వ్యాపారులు రవాణా శాఖ వద్ద అధీకృతులు కావాలనే నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమలుకు వచ్చాయి. వ్యాపారి వద్ద కొనేవారు ఆ పత్రాన్ని చూపమని అడగవచ్చు.

ఆ ఆదివారం నాడు, చెట్టు నీడన, బ్రోకరు ధరను మరి 60,000 తగ్గించాడు. మాస్టారు మనసులో లెక్క వేసుకుంటూ మౌనంగా నిలబడ్డారు. మూడు లక్షలకు నాలుగేళ్ళ కారు! ముసలి మెకానిక్ ఏమీ అనలేదు. పక్కనే నిలబడిన అమ్మాయి వైపు చూసి, "బండి ఎవరు నడుపుతారమ్మా?" అని మాత్రం అడిగాడు.

"నేనే నేర్చుకుంటున్నాను తాతగారూ" అన్నదా పిల్ల.

మాస్టారు జేబులోని డబ్బును తడిమి చూసుకొని, బ్రోకరుకు నమస్కారం పెట్టి ఇంటిదారి పట్టారు.

రెండు నెలల తర్వాత ఆయన మరొక కారు కొన్నారు. చిన్నది, రెండేళ్ళు పాతది, తలుపు మీద ఒక గీత కూడ ఉంది. ఆ గీత ఎలా పడిందో అమ్మినాయన తనంతట తానే చెప్పి, రసీదు చూపించాడు. తాళాలు చేతికి వచ్చాక మాస్టారి కుమార్తె డ్రైవరు సీటులో కూర్చొని, కారు కదిలించే ముందు బెల్టును చివరిదాకా లాగి చూసుకున్నది. అది మొదటినుంచి చివరివరకు నల్లగానే ఉంది.